జవదాటని మాట

అన్నా కాచెంకాకు వియన్నా పీపుల్స్ కోర్టు 1948లో ఎనిమిదేళ్ల జైలు శిక్ష వేసింది. అప్పటికి ఆమెకు నలభై మూడేళ్లు. పిల్లల ఆస్పత్రిలో డిప్యూటీ హెడ్ నర్సుగా చేసిన మనిషి. తన చేతికి అప్పగించిన పిల్లల చావుల్లో పాలుపంచుకుందన్నది నేరం. శిక్ష పడిన రోజునే ఆమె పతనమైందనుకుంటే కథ సగమే తెలిసినట్టు. ఆమె జారింది అంతకు ఏడేళ్ల ముందు, తనకు బాగా గురి ఉన్న ఒక డాక్టరు నడిపే ఆస్పత్రికి బదిలీ మీద వెళ్లినప్పుడు. ఆ బదిలీతోపాటు పెద్ద బాధ్యతా వచ్చింది. ఉద్యోగంలో మెట్టు ఎక్కుతూ మనిషిగా దిగజారిపోయింది.

కాచెంకా 1905లో వియన్నాలో పుట్టింది. నర్సుగా శిక్షణ పొంది ఆ ఊరి ఆస్పత్రుల్లోనే పనిచేసింది. ఒక యూదు వైద్య విద్యార్థిని పెళ్లాడింది గానీ ఆ కాపురం ఎంతోకాలం నిలవలేదు. నాజీ సిద్ధాంతం తలకెక్కించుకున్న మనిషిలా ఆమె జీవితంలో ఎక్కడా కనిపించదు. మధ్యలో మనసు కుంగిపోయి వైద్యం చేయించుకోవాల్సి వచ్చింది. అప్పుడు చూసిన డాక్టరు ఎర్విన్ యెకేలియుస్. తనను నిలబెట్టిన డాక్టరన్న కృతజ్ఞత ఆమెకు ఉండిపోయింది. 1941 జనవరిలో ఆమె చేరింది ఆయన ఆస్పత్రిలోనే. దాని పేరు స్పీగెల్‌గ్రుండ్.

వియన్నా పడమటి కొసన గుట్టవాలు మీద 1907లో కట్టిన పెద్ద మానసిక వైద్యశాల ఉంది, స్టైన్‌హోఫ్. చెట్ల మధ్య వరసగా పెవిలియన్లు, పైన ఓట్టో వాగ్నర్ కట్టిన బంగారు గుమ్మటం చర్చి. 1940 వేసవిలో అక్కడి రోగుల్లో సుమారు 3,200 మందిని తరలించుకుపోయారు. వాళ్లలో అత్యధికులను లింజ్ దగ్గరి హార్ట్‌హైమ్ కోటలో విషవాయువుతో చంపేశారు. అలా ఖాళీ అయిన పెవిలియన్లలోనే ఆ జులైలో స్పీగెల్‌గ్రుండ్ పిల్లల సంస్థ తెరిచారు. పదిహేనో పెవిలియన్ పసికందులకూ చిన్నపిల్లలకూ కేటాయించారు.

అంతకు ముందు ఏడాది ఆగస్టులోనే బెర్లిన్ నుంచి ఒక ఉత్తర్వు వెళ్లింది. అవిటితనంతోనో బుద్ధిమాంద్యంతోనో పుట్టిన బిడ్డ కనబడితే మంత్రసానులూ డాక్టర్లూ ఫారం నింపి పంపాలి. ఆ ఫారాలు ముగ్గురు నిపుణుల ముందుకు వెళ్లేవి. వాళ్లు బిడ్డను చూసేవాళ్లు కాదు. కాగితం మీద ప్లస్ గుర్తో మైనస్ గుర్తో పెట్టేవాళ్లు. ప్లస్ పడితే బిడ్డకు ‘చికిత్స’ చేయడానికి ఆస్పత్రికి అనుమతి వచ్చేది. ఆ చికిత్స ఏమిటో డాక్టర్లకు తెలుసు. పదిహేనో పెవిలియన్ నర్సులకూ తెలుసు.

అక్కడ కత్తులు లేవు, తుపాకులు లేవు. లూమినాల్ అనే మందు ఉండేది. మూర్ఛలు తగ్గడానికి, నిద్ర పట్టడానికి అప్పట్లో అన్ని ఆస్పత్రుల్లో వాడే మామూలు మందే. దాన్ని ఎక్కువ మోతాదులో, రోజుల తరబడి, తిండిలోనో తాగేదాంట్లోనో కలిపి పట్టేవాళ్లు. బిడ్డ మగతలోకి జారుకుంటుంది. పాలు తాగే ఓపిక ఉండదు. ఊపిరి పైపైనే ఆడుతుంది. దగ్గి కఫం తెంపుకునే శక్తి పోతుంది. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతుంది, జ్వరం లేస్తుంది. కొన్ని రోజులకు ప్రాణం పోతుంది. రికార్డులో మరణకారణం దగ్గర ‘న్యుమోనియా’ అని రాసేవాళ్లు. రాసింది అబద్ధం కాదు, జరిగింది అది కాదు. తల్లిదండ్రులకు వెళ్లే ఉత్తరంలోనూ అదే మాట.

ఇలాంటి హత్యకు డాక్టరు సంతకం ఒక్కటే చాలదు. ఏ వార్డులోనైనా డాక్టరు రౌండ్స్‌కి వచ్చి వెళ్లిపోతాడు. పూటపూటకీ మందు కలిపేదీ, చెంచా నోటికి అందించేదీ, ఒళ్లు పట్టుకు చూసేదీ నర్సు. ఎవరి డ్యూటీ ఎప్పుడు, ఏ పిల్లకు ఏ మందు అన్నది నడిపించేది సీనియర్ నర్సు. ఆ మనిషి చెయ్యి కదలకపోతే బెర్లిన్‌లో పెట్టిన ప్లస్ గుర్తు కాగితం మీదే ఉండిపోతుంది. కాచెంకా చెయ్యి కదిలింది.

కోర్టులో ఆమె తన తరఫున చెప్పుకున్నదాని సారాంశం ఇంతే: యెకేలియుస్ తనకు ఈ వ్యవహారం రహస్యంగా వివరించాడు, పై నుంచి వచ్చిన ఆదేశమన్నాడు, తాను నమ్మింది, డాక్టర్లు రాసిన మందులే ఇచ్చింది. ఇందులో కొంత నిజముంది. డాక్టరు మాట జవదాటనిదే మంచి నర్సని ఆ కాలపు శిక్షణ ఊదరగొట్టి చెప్పింది. కానీ యెకేలియుస్ ఆ ఆస్పత్రిలో ఎల్లకాలం లేడు. అతను తప్పుకున్నాక 1942 జులైలో ఎర్న్‌స్ట్ ఇల్లింగ్ డైరెక్టరయ్యాడు. నమ్మిన డాక్టరు పోయాడు, ఆమె మాత్రం పోలేదు. అదే వార్డు, అదే మందు. కృతజ్ఞతతో మొదలైంది అలవాటుగా స్థిరపడింది. కంచే చేను మేయడమంటే ఇదే.

అదే ఊళ్లో, అదే వృత్తిలో, అదే పేరుతో ఇంకో నర్సు ఉండేది. అన్నా వోడ్ల్. ఆమె కొడుకు ఆల్‌ఫ్రెడ్ వికలాంగుడు, వేరే సంస్థలో ఉండేవాడు. 1940లో రోగులను బస్సుల్లో తరలించుకుపోతున్నారని తెలియగానే ఆమె ఊరుకోలేదు. రోగుల బంధువులను కూడగట్టి బెర్లిన్‌కు ఉత్తరాలు రాయించింది. తానే రైలెక్కి వెళ్లి హోం శాఖ అధికారి హెర్బర్ట్ లిండెన్‌ను కలిసి నిలదీసింది. ఆమె పోరాటానికి దక్కింది ఒక్కటే, కొడుకును హార్ట్‌హైమ్‌కు పంపలేదు. స్పీగెల్‌గ్రుండ్‌కు పంపారు. ఆమె యెకేలియుస్‌ను బతిమాలుకుంది, ఫలితం లేకపోయింది. 1941 ఫిబ్రవరి 22న ఆరేళ్ల ఆల్‌ఫ్రెడ్ చనిపోయాడు. కాచెంకా అక్కడ చేరి నెల కావొస్తున్న రోజులవి. కాగితం మీద న్యుమోనియా. అప్పట్లో ఎదురు చెప్పడం ఎవరికీ సాధ్యం కాలేదనేవాళ్లకు వోడ్ల్ జీవితమే జవాబు. ఎదురు చెప్పినా కొడుకు దక్కలేదన్నది ఆ జవాబు వెనకున్న దుఃఖం.

యుద్ధం ముగిశాక లెక్కలు తేలడం మొదలైంది. ఇల్లింగ్‌ను 1946లో ఉరితీశారు. డాక్టర్ మరియన్నె ట్యూర్క్‌కు పదేళ్లు పడింది. యెకేలియుస్ సోవియట్ చెరలో 1952లో చనిపోయాడు. కాచెంకా ఎనిమిదేళ్ల శిక్షలో కొద్దిపాటే అనుభవించి 1950లో విడుదలైంది, 1966లో కన్నుమూసింది. అదే పెవిలియన్లలో పనిచేసిన డాక్టర్ హైన్‌రిష్ గ్రాస్ కథ వేరు. 1950లో పడిన శిక్ష మరుసటి ఏడాదే రద్దయింది. ఆ తర్వాత అతను స్టైన్‌హోఫ్‌కే తిరిగొచ్చి, చంపిన పిల్లల మెదళ్లను సీసాల్లో దాచిపెట్టుకుని పరిశోధన వ్యాసాలు రాశాడు. 1975లో ప్రభుత్వం గౌరవ పతకమిచ్చింది. కోర్టులకు మానసిక నిపుణుడిగా సాక్ష్యాలు చెప్పాడు. చిన్నప్పుడు స్పీగెల్‌గ్రుండ్‌లో నరకం అనుభవించి బతికి బయటపడ్డ ఫ్రీడ్రిష్ జావ్రెల్‌ను ఆ హోదాలోనే పరీక్షించడానికి వచ్చి, అతని కంటపడ్డాడు. 2000లో మళ్లీ విచారణ మొదలైతే, మతిమరుపు వ్యాధి ఉందని ఆపేశారు. 2005లో చనిపోయాడు. శిక్ష అనేది అందరికీ ఒకేలా తగలదనిపిస్తుంది. అయినా గ్రాస్ తప్పించుకున్నాడు కదా అని కాచెంకా మీద జాలి పడలేం.

స్పీగెల్‌గ్రుండ్‌లో చనిపోయినట్టు పేర్లతో సహా నమోదైన పిల్లలు 789 మంది. సీసాల్లో మిగిలిపోయిన వాళ్ల అవశేషాలను 2002 ఏప్రిల్‌లో గానీ వియన్నా కేంద్ర శ్మశానంలో ఖననం చేయలేదు. ఆరు దశాబ్దాలు పట్టింది, బిడ్డను మట్టికి అప్పగించడానికి. ఆ తర్వాతి ఏడాది ఆ పిల్లల గుర్తుగా స్టైన్‌హోఫ్ ఆవరణలో 772 దీపస్తంభాలు నాటారు.

కాచెంకా వంటివాళ్ల తీర్పులు వచ్చాక నర్సింగ్ వృత్తి వెంటనే కళ్లు తెరిచిందా అంటే, పూర్తిగా కాదు. అంతర్జాతీయ నర్సుల మండలి 1953లో తొలి నీతి నియమావళిని ఆమోదించింది. అనైతికమైన పనిలో పాల్గొనకూడదన్న మాట అందులో చేరింది. డాక్టరు ఆదేశాలను విధేయతతో అమలుచేయాలన్న మాటా దాని పక్కనే ఉంది. 1973 నియమావళికి వచ్చేసరికి గానీ, నర్సు మొదట జవాబుదారీ అయ్యేది సేవ అవసరమైన మనిషికే అని తేటతెల్లంగా రాయలేదు. అది రాసేనాటికి కాచెంకా చనిపోయి ఏడేళ్లయింది.

విధేయత చెడ్డ గుణమని ఈ గాథ చెప్పడం లేదు. విధేయత లేని వార్డులో రోగి బతకడు. ఆ విధేయత ఎవరికి అన్నదే ప్రశ్న. కాచెంకా దాన్ని డాక్టరుకు రాసిచ్చేసింది, మంచంమీది బిడ్డకు ఏమీ మిగల్చలేదు. “ఈ మందు ఎందుకు డాక్టర్?” అని అడిగే సిస్టర్‌ను ఇప్పటికీ చాలా ఆస్పత్రుల్లో నోరున్న మనిషి అంటారు. ఆ నోరే ఆమె ఉద్యోగంలో సగం.