నూనె చుక్కలో రక్షణ

నార్వే పడమటి తీరం. ఫ్యోర్డ్ ఒడ్డున సాల్మన్ పిల్లల్ని పెంచే షెడ్డు. తడి సిమెంటు నేల మీది చలి బూట్లలోకి ఎక్కుతోంది. మత్తుమందు కలిపిన తొట్టిలో పిల్లలు ఒక్కొక్కటే పక్కకు ఒరుగుతున్నాయి. జానెడుకు కాస్త తక్కువ పొడవు, 50 గ్రాముల బరువు. పొట్ట ఖాళీగా ఉండాలని ముందే మేత ఆపేశారు. బల్ల దగ్గరి మనిషి ఒకదాన్ని వెల్లకిలా తిప్పి, పొట్ట కింది రెక్కలకు కొంచెం ముందు సూది గుచ్చాడు. 0.1 మిల్లీలీటరు మందు. చేప కాలువలోకి జారేసరికే అతని చెయ్యి ఇంకోదాన్ని అందుకుంది.

ఆ మందు సీసా వెలుతురుకు పట్టి చూడండి. పాలలా తెల్లగా, చిక్కగా ఉంది. చంపిన బ్యాక్టీరియా ఉన్న సన్నటి నీటి తుంపరల్ని నూనెలో నిలిపారు. 1980ల చివర్లో ఫురంక్యులోసిస్ అనే బ్యాక్టీరియా వ్యాధి ఈ తీరాన్ని ఊడ్చేస్తున్నప్పుడూ టీకాలున్నాయి. కానీ నూనె లేని మందుతో వచ్చే రక్షణ ఎక్కువ కాలం నిలిచేది కాదు. 1987లో నార్వే చేపలకు పెట్టిన యాంటీబయాటిక్స్ దాదాపు 50 టన్నులు. 1990ల మొదట్లో నూనె టీకాలు వచ్చాయి. కొద్ది ఏళ్లలోనే ఆ వాడకం టన్ను దరికి దిగింది. చేపల ఉత్పత్తి మాత్రం పెరుగుతూనే పోయింది.

ఇప్పుడే సూది పడ్డ ఆ చేప పొట్టలో నూనె అక్కడే నిలిచి, రక్షణను రేపే బ్యాక్టీరియా పదార్థాన్ని, అంటే యాంటిజెన్‌ను, కొద్దికొద్దిగా వదులుతుంది. అక్కడ వాపు పుడుతుంది, రక్షక కణాలు చేరతాయి. చేపకు ఎముక మజ్జ పనీ, లింఫ్ గ్రంథుల పనీ చేసేవి మూత్రపిండం ముందుభాగం, ప్లీహం. యాంటీబాడీలు తయారయ్యేది ప్రధానంగా అక్కడే. నీళ్లు చల్లగా ఉంటే ఆ పని నెమ్మదిస్తుంది. అందుకే ఇక్కడ గడువును డిగ్రీ-రోజుల్లో కొలుస్తారు: 10 డిగ్రీల నీటిలో 50 రోజులంటే 500. సుమారుగా అంత గడిచాకే సముద్రంలోకి వదులుతారు.

పక్క బల్ల మీద, నెలల కిందట టీకా వేసిన చేపను కోశారు. పేగులు పొట్ట గోడకు అతుక్కున్నాయి, అక్కడక్కడ మెలనిన్ నల్లమరకలు. రక్షణ తెచ్చిన వాపే ఈ గాయాన్నీ మిగిల్చింది. దీన్ని స్పైల్‌బర్గ్ స్కోరుతో 0 నుంచి 6 దాకా లెక్కగడతారు. ఈ గాయం తగ్గించడానికే కొత్త టీకాల్లో కొన్ని మోతాదును 0.05 మిల్లీలీటరుకు తగ్గించాయి. పాంక్రియాస్ వ్యాధికి 2017లో యూరప్ అనుమతించిన డీఎన్ఏ టీకాలో నూనే లేదు, కండలోకి ఇస్తారు.

రక్తంలో యాంటీబాడీలు చూసి టీకా గెలిచిందనుకోవడం సగం పరీక్షే. మిగతా సగం ఈ కోసిన పొట్టలో ఉంది. నొప్పి చెప్పుకోలేని జీవికి మందు కలిపేవాళ్లు రెండింటికీ జవాబుదారీ కావాలి.