ఎవరూ విత్తని తంగేడు

సూరత్ జిల్లాలోని పల్సానా పేరు మీరు విన్నారా? బట్టల మిల్లులకు, అద్దకం కార్ఖానాలకు పేరుపడ్డ ప్రాంతమది. ఈ జిల్లాకు మరమగ్గాల పని కోసం తెలంగాణ నుంచి వెళ్లి స్థిరపడిన నేత కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. వాళ్లూ బతుకమ్మ ఆడతారు. మరి తంగేడు పువ్వు లేని బతుకమ్మ ఉంటుందా? సొంత ఊళ్లో అయితే చెలక గట్టున కోసుకురావచ్చు. మిల్లు గోడల మధ్య చెలక ఎక్కడిది? ఇంటి ముందు కాస్త నేల ఉంటే, తామే విత్తుకోవాలి.

చిత్రమేమిటంటే, మన పెద్దలెవరూ దీన్ని విత్తలేదు. కోసుకున్నారు, అంతే. పశువులు పెద్దగా ముట్టవు కనుక మేత బీళ్లలోనూ అది బతికిపోయింది.

స్వీడన్ శాస్త్రజ్ఞుడు లినేయస్ 1753లో దీనికి ‘కాసియా ఆరిక్యులేటా’ అని పేరు పెట్టాడు. లాటిన్‌లో ‘ఆరిక్యులా’ అంటే చిన్న చెవి. తంగేడు ఆకు మొదట్లో చూడండి, చెవుల్లాంటి పత్రపుచ్ఛాలు కనిపిస్తాయి. తరువాత, 1780లలో మన సామర్లకోటలో తోట పెంచిన వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ దీన్ని ‘సెన్నా’ ప్రజాతిలో చేర్చాడు. ఆ పేరు అచ్చులోకి వచ్చింది 1832లో. అప్పటికి ఆయన చనిపోయి 17 ఏళ్లు! అయినా శాస్త్రజ్ఞులు చాలాకాలం ‘కాసియా’నే వాడారు. 1980లలో జరిగిన పునర్వర్గీకరణతో రాక్స్‌బర్గ్ మాట నిలబడింది. నేను ఎమ్మెస్సీలో చదివిన పుస్తకాల్లో మాత్రం ఇది ఇంకా కాసియానే.

పేరు గొడవ కంటే బెరడు కథ పెద్దది. తంగేడు బెరడులో టానిన్ పుష్కలం. టానిన్ తోలులోని ప్రోటీన్లతో కలిసి, తోలు కుళ్లకుండా కాపాడుతుంది. మన పల్లెల్లో చెప్పులకూ, మోట బావుల తోలు సంచులకూ తోళ్లను పదును చేసింది ఈ ‘తంగేడు చెక్క’తోనే. మద్రాసు తోళ్ల పరిశ్రమ దీన్ని తమిళ పేరుతో ‘ఆవారం’ అంది. 20వ శతాబ్దంలో దక్షిణాఫ్రికా నుంచి వాటిల్ బెరడు దిగుమతి కావడంతో, క్రోమియం లవణాలు వాడుకలోకి రావడంతో దీని గిరాకీ పడిపోయింది. 2014 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం తంగేడును రాష్ట్ర పుష్పంగా ప్రకటించింది. కానీ బీళ్లు ప్లాట్లుగా మారిన చోట రాష్ట్ర పుష్పమైనా ఎక్కడ పూస్తుంది?

అందుకే విత్తే సంగతి. గింజ పైపొర చాలా గట్టిది, నీటిని లోపలికి రానివ్వదు. గరుకు కాగితంపై కాస్త రుద్ది, రాత్రంతా నానబెట్టి, మొక్క ఉండవలసిన చోటే నాటండి. తల్లివేరు లోతుకు దిగుతుంది కనుకనే ఇది ఎండను తట్టుకుంటుంది. పీకి మార్చితే ఆ వేరు తెగుతుంది. చిక్కుడు జాతికి దగ్గరి చుట్టమైనా దీని వేళ్లపై నత్రజని బుడిపెలు ఉండవు. పువ్వులో తేనె కూడా ఉండదు! పరాగకోశం కొనన సన్నని రంధ్రం ఉంటుంది. పెద్ద తుమ్మెద వాలి ఝుమ్మని రెక్కల కండరాలు కంపింపజేస్తే పుప్పొడి రాలుతుంది. ఒక ఉదయం పువ్వు దగ్గర చెవి పెట్టి వినండి.

పల్సానాలో భయం ఎండ కాదు, వాన. దక్షిణ గుజరాత్ నల్లరేగడిలో నీరు నిలిస్తే వేరు కుళ్లుతుంది. ఇసుక, గులకరాళ్లు కలిపి మట్టిని దిబ్బగా పోసి, దానిపై విత్తాలి. గింజల కోసం తెలంగాణ దాకా రానక్కరలేదు, గుజరాత్ పొడి నేలల్లోనూ ఈ పొద ఉంది. ‘తంగేడు’ అంటే అక్కడివారికి తెలియదు, ‘ఆవళ’ అని అడగాలి.