రేణిలో మగాళ్లు లేని రోజు

1974 మార్చి 26. పొద్దెక్కేసరికి హిమాలయాల్లోని రేణి ఊళ్లో మగాళ్లెవరూ లేరు.

అందరూ చమోలీ వెళ్లారు. సైన్యం ఎప్పుడో తీసుకున్న పొలాలకు పరిహారం ఇస్తున్నారు, వచ్చి పట్టుకెళ్లండని కబురొచ్చింది. ఏళ్ల తరబడి చేతికి రాని డబ్బు. ఎవరు మాత్రం ఆగుతారు? అవతల గోపేశ్వర్‌లో చండీప్రసాద్ భట్ దగ్గరికి అటవీశాఖ పెద్ద అధికారి వచ్చి, ఆయన్ని కదలనివ్వకుండా మాటల్లో పెట్టాడు. నరకడానికొస్తే చెట్లను కావలించుకోండని ఊరూరా తిరిగి చెబుతున్న మనిషి భట్. ఆయన అక్కడ, ఊరి మగాళ్లు ఇంకోచోట. చెట్లు కొట్టాల్సిన కాంట్రాక్టరుకి దారి ఖాళీ.

ఖాళీ అనే అనుకున్నారు.

రేణికి కాస్త ఇవతల బస్సు ఆగింది. కిటికీలకు తెరలు దించేసి ఉన్నాయి. గొడ్డళ్లు, రంపాలు, తిండి సామాన్లు మోసుకుంటూ కూలీలు దిగారు. వెంట అటవీ సిబ్బంది. ఊరి మొహం చూడకుండా ఋషిగంగ ఒడ్డు పట్టుకుని చడీచప్పుడు లేకుండా పైకి నడిచారు. ఓ చిన్నపిల్ల కంట పడ్డారు.

పిల్ల పరుగందుకుంది.

గౌరాదేవికి అప్పటికి యాభై దగ్గర పడుతున్నాయి. 22 ఏళ్లకే భర్త పోయాడు. చంకలో పిల్లాడు. ఆ లోయలోని భోటియా తెగవాళ్లకు టిబెట్‌తో ఉన్ని వ్యాపారమే బతుకుతెరువు. 1962 యుద్ధంతో సరిహద్దు మూతపడి అదీ పోయింది. ఒంటి చేత్తో సంసారం ఈదుకొచ్చిన మనిషి. బడి మొహం చూసింది లేదు. ఊళ్లో ఆడవాళ్ల సంఘం మహిళా మంగళ్ దళ్‌కు మాత్రం ఆవిడే పెద్ద. పిల్ల చెప్పింది వింది. మగాళ్లు వచ్చేదాకా చూద్దామంటే చెట్లు ఆగవు. ఎసరు పెట్టినవాళ్లు, పిల్లల్ని చంకనేసుకున్నవాళ్లు, గడ్డికి బయల్దేరబోతున్నవాళ్లు, అత్తలూ కోడళ్లూ ఎక్కడి పని అక్కడ వదిలేసి, ఒకరినొకరు పిలుచుకుంటూ, రాళ్ల మీద కాళ్లు జారుతుంటే కొంగులు బిగించుకుంటూ ఆవిడ వెంట కొండెక్కారు. ఆడవాళ్లూ ఆడపిల్లలూ కలిపి 27 మంది.

పైన పొయ్యిలు రాజేసి ఉన్నాయి. కూలీలు వంట చేసుకుంటున్నారు. దేవదారు చెట్ల కింద పొగ. మార్చి నెలాఖరైనా ఆ ఎత్తులో చలి వదల్లేదు. గొడ్డళ్లు ఇంకా నేల మీదే ఉన్నాయి.

గౌరాదేవి తిట్టలేదు. అన్నల్లారా అని పిలిచింది. ఈ అడవి మా పుట్టిల్లు అంది. వంటచెరకు, కాయకూర, మందుమాకు అన్నీ ఇక్కడివే, దీన్ని కొడితే కొండ జారి మా పొలాల మీద పడుతుంది, వరదొస్తుంది అని చెప్పింది. తిండి తినండి, తిని మాతోపాటు కిందికి దిగండి అని బతిమాలింది.

అదేమీ ఊరికే అన్న మాట కాదు. నాలుగేళ్ల కింద, 1970 జులైలో అలకనంద విరుచుకుపడింది. బస్సులూ వంతెనలూ కొట్టుకుపోయాయి. ఆ మట్టి ఎక్కడో దిగువన హరిద్వార్ దగ్గర గంగ కాలవను కూడా పూడ్చేసింది. పైన కొండలు బోడి చేస్తే కింద ఏమవుతుందో లోయ మొత్తం కళ్లారా చూసింది. అయినా నరుకుడు ఆగలేదు. 1973లో నాగళ్లూ కాడులూ చేసుకోవడానికి స్థానిక సహకార సంఘం కొన్ని చెట్లు అడిగితే అటవీశాఖ కుదరదంది. అవే చెట్లను అలహాబాద్‌లో ఆటసామాన్లు చేసే కంపెనీకి రాసిచ్చేసింది. రైతు నాగలికి లేని చెట్టు టెన్నిస్ బ్యాటుకు ఉందన్నమాట! చెట్లను కావలించుకుని కాపాడే చిప్కో ఉద్యమం మొదలైంది ఆ మంట మీదే. రేణిలో దాదాపు 2,500 చెట్లకు 1974 జనవరిలో డెహ్రాడూన్‌లో వేలంపాట అయిపోయింది.

కూలీల్లో కొందరు మెత్తబడ్డారు. అప్పుడు వచ్చాడు తుపాకీవాడు.

బాగా తాగి ఉన్నాడు. నోటికొచ్చినట్టు తిడుతూ తుపాకీ ఎత్తాడు. ఆడవాళ్లు చెట్ల దగ్గర్నుంచి కదల్లేదు. గౌరాదేవి నేరుగా గొట్టం ముందుకొచ్చి నిలబడింది. ముందు నన్ను కాల్చు, ఆ తర్వాత నా పుట్టింటిని నరుక్కో అంది. వాడి చెయ్యి ఆడలేదు.

కూలీలు సామాన్లు సర్దుకున్నారు. ఒక్కొక్కరే దిగడం మొదలెట్టారు. కానీ దిగినవాళ్లు రాత్రికి మళ్లీ ఎక్కిరారని ఏముంది? దారిలో ఒకచోట కొండచరియ విరిగి బాట తెగింది. అక్కడ అటూ ఇటూ కలుపుతూ సిమెంటు పలక వేసి ఉంది. ఆడవాళ్లు దాన్ని పెకలించేశారు.

అడవికి దారి తెగింది. ఆ రాత్రి చలిలో కాపలా కూర్చున్నారు. మర్నాడు చమోలీ నుంచి మగాళ్లూ, గోపేశ్వర్ నుంచి భట్ వచ్చేసరికి జరగాల్సిందంతా జరిగిపోయింది.

ఆ కొండలు అప్పట్లో ఉత్తరప్రదేశ్‌లో ఉండేవి. లక్నోలో ముఖ్యమంత్రి హేమవతీ నందన్ బహుగుణ కమిటీ వేశారు. ఢిల్లీకి చెందిన వృక్షశాస్త్రవేత్త వీరేంద్రకుమార్ దానికి అధ్యక్షుడు. కమిటీ నివేదిక వచ్చేసరికి 1976. గౌరాదేవి పొయ్యిల దగ్గర నిలబడి కూలీలకు చెప్పిన సంగతే అందులో శాస్త్రం భాషలో ఉంది. రేణితో పాటు అలకనంద ఎగువన సుమారు 1,150 చదరపు కిలోమీటర్లలో పదేళ్లపాటు చెట్లు కొట్టకూడదని నిషేధం వచ్చింది. 1991లో గౌరాదేవి కన్నుమూసింది.

అడవి నిలిచింది. తర్వాత నది మీద పడ్డారు.

ఋషిగంగ మీద, రేణి పక్కనే 13.2 మెగావాట్ల జల విద్యుత్ ప్రాజెక్టు లేచింది. పేలుళ్లతో కొండ అదురుతోందని, రాళ్లూరప్పా నదిలో పోస్తున్నారని 2019లో రేణి మనిషే హైకోర్టుకెక్కాడు. 2021 ఫిబ్రవరి 7, ఆదివారం ఉదయం. ఎగువన ఓ శిఖరం నుంచి రాయీ మంచూ కలిసి విరిగిపడ్డాయి. వరద ఆ ప్రాజెక్టును ఊడ్చుకుపోయింది. చనిపోయినవాళ్లూ గల్లంతైనవాళ్లూ కలిసి 200 మందికి పైనే.

ఆ ఏడు చమోలీ జిల్లా మనుషులు అయిదుగురు, రేణివాళ్లతో సహా, అక్కడి జల విద్యుత్ ప్రాజెక్టుల అనుమతులు రద్దు చేయమని మళ్లీ నైనీతాల్ హైకోర్టు మెట్లెక్కారు. జులైలో తీర్పొచ్చింది. మీరు సామాజిక కార్యకర్తలనడానికి ఆధారమేదీ అంటూ కోర్టు పిటిషన్ కొట్టేసింది. తలా 10,000 రూపాయలు కట్టమంది.