దానమై వచ్చి భారమైన మందులు

రోగి చేతికందిన మందు ప్రాణము నిలుపును. అక్కరకు రాక గిడ్డంగిలో మిగిలిన మందును ఏమి చేయవలెను? ఈ ప్రశ్న రెండు దేశములను ఎట్లు చిక్కుపెట్టినదో శ్రోతలకు మనవి చేయదలచినాము.

1988 డిసెంబరు 7న నాటి సోవియట్ ఆర్మీనియాలో ఘోరమైన భూకంపము సంభవించెను. నలుదెసలనుండి సుమారు 5,000 టన్నుల మందులు, వైద్యసామగ్రి వచ్చి చేరెను. వచ్చినదేమో తెలిసికొనుటకే 50 మందికి ఆరు నెలలు పట్టెను. మందులలో నూటికి 8 పాళ్లు చేరునప్పటికే గడువు తీరినవి. 4 పాళ్లు మంచుకు చెడిపోయెను. తక్కినవానిలో సులభముగా గుర్తింపదగినవి నూటికి 30 మాత్రమే.

1992లో బోస్నియాలో యుద్ధము చెలరేగెను. 1996 నడుమనాటికి అచ్చట నిరుపయోగముగా పడియున్న మందులు 17,000 టన్నులని అంచనా వేసిరి. వానిని వదిలించుకొనుటకే 3 కోట్ల 40 లక్షల డాలర్లు కావలెనని లెక్క తేలెను.

ఇంత వ్యయమేల? కాలువలో పారబోసిన మందు త్రాగునీట కలియవచ్చును. ఆరుబయట కుప్పపోసినచో ఏరి అమ్మువారుందురు. తెలియక మ్రింగు పసివారుందురు. చాలని వేడిమిలో కాల్చినచో విషవాయువులు వెలువడును. కావున 1999లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కొన్ని మార్గములు సూచించెను. పీపాను నాల్గింట మూడు వంతులు మందులతో నింపి, పైన సిమెంటు, సున్నము, నీరు కలిపిన ముద్ద పోసి, మూత బిగించి పూడ్చుట వానిలో నొకటి.

మన దేశమున 1998లో ఆసుపత్రి వ్యర్థములకు ప్రత్యేక నియమములు ఏర్పడెను. 2016 నాటి నియమముల ప్రకారము గడువు తీరిన మందులను పసుపుపచ్చ సంచులలో వేరుపరచి, తయారీదారునకు తిరిగి పంపవలెను, లేదా దహింపజేయవలెను. క్యాన్సరు మందులకు 1,200 డిగ్రీలకు మించిన వేడిమి అవసరము.

అయితే వ్యర్థమును దహించుటకంటె, అది పుట్టకుండ చూచుట మేలు. 1996లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాతలకు చెప్పినదియు ఇదియే: అడిగిన మందునే పంపుడు, చేరిన పిదప కనీసము ఒక సంవత్సరము గడువుండవలెను, పేరు అచ్చటి వైద్యులకు తెలిసిన భాషలో నుండవలెను.

అపాత్రదానము కూడదని పెద్దలందురు. ఆర్మీనియాలో, బోస్నియాలో పుచ్చుకొన్నవారు పాత్రులే. ఇచ్చిన వస్తువులో చాలభాగము అపాత్రము. దాతల దయను మేము శంకింపము. కాని ఆ దయ, మందుపెట్టె కట్టుటకు ముందు దానిపైనున్న తేదీని ఒక్కమారు చదివియుండినచో, గాయపడిన ఆ దేశములకు మరియొక భారము తప్పియుండెడిది.