దవడ వాపు.. నొప్పి లేదని వదిలేస్తున్నారా? అమెలోబ్లాస్టోమా కావచ్చు!

కింది దవడ వెనక భాగంలో వాపు మెల్లగా పెరుగుతోందా? నొప్పి లేదు కదా అని లైట్ తీసుకోవద్దు. అది అమెలోబ్లాస్టోమా అనే అరుదైన గడ్డ కావచ్చు. పంటి ఎనామిల్‌ను తయారుచేసే కణజాలం నుంచి ఇది పుడుతుంది. సాధారణంగా ఇది క్యాన్సర్ కాదు. కానీ దవడ ఎముకను లోపలి నుంచి తినేస్తుంది.

ఎక్స్‌రేలో సబ్బు బుడగల్లా కనిపించొచ్చు. అయితే కొన్ని నీటితిత్తులూ ఇలాగే ఉంటాయి. అందుకే బయాప్సీ కీలకం. మైక్రోస్కోప్‌లో చూస్తే కణాల గుంపుల అంచున పొడవాటి కణాలు వరుస కట్టినట్టు కనిపిస్తాయి.

గడ్డను గీకి తీసేస్తే చాలదా? చాలాసార్లు చాలదు. ఎముక సందుల్లో మిగిలిన కణాలతో మళ్లీ పెరగొచ్చు. అందుకే చాలా కేసుల్లో చుట్టూ 1-2 సెం.మీ. మంచి ఎముకతో కలిపి తొలగిస్తారు. ఏళ్ల తర్వాత కూడా తిరగబెట్టొచ్చు కాబట్టి చెకప్‌లు మాత్రం మానొద్దు.