పిల్లుల్లో చర్మ వ్యాధులు, ఫ్లీల నివారణ: పశువుల మందు పిల్లికి వాడకండి

వరంగల్ ప్రాంత పల్లెల్లో ధాన్యం బస్తాలు, పత్తి, మిర్చి నిల్వ చేసే ఇళ్లలో ఎలుకల బెడద తగ్గించడానికి పిల్లిని పెంచుకోవడం మామూలే. వర్షాకాలంలో గాలిలో తేమ పెరిగినప్పుడు ఈ పిల్లులు ఎక్కువగా గోక్కోవడం, వెంట్రుకలు రాలడం, చర్మంపై పొక్కులు కట్టడం చూస్తుంటాం. అప్పుడు చాలామంది గేదెల గోమార్ల కోసం తెచ్చిన మందునే కొద్దిగా నీళ్లలో కలిపి పిల్లికి పూస్తారు. పిల్లి ప్రాణం పోవడానికి ఇది ఒక ముఖ్య కారణం. కాబట్టి ముందు సమస్య ఏమిటో గుర్తించి, ఆ తర్వాతే మందు వాడాలి.

ఫ్లీలను గుర్తించడం ఎలా?

ఫ్లీలు ముదురు గోధుమ రంగులో, 2 నుంచి 3 మిల్లీమీటర్ల పొడవుతో, పక్కలకు నొక్కినట్లు ఉండే రెక్కలు లేని పురుగులు. పేలు పాకుతాయి, గోమార్లు చర్మాన్ని పట్టుకుని కదలకుండా ఉంటాయి. ఫ్లీలు మాత్రం దూకుతాయి. పురుగు కనబడకపోతే ఇలా పరీక్షించండి. పిల్లిని తెల్ల కాగితంపై నిలబెట్టి సన్నపళ్ల దువ్వెనతో దువ్వాలి. రాలిన నల్లని రవ్వలపై నీటి చుక్క వేయాలి. ఎర్రగా మారితే అది ఫ్లీల మలం, అంటే జీర్ణమైన రక్తం.

తోక మొదలు, నడుము, మెడ చుట్టూ చిన్న చిన్న పొక్కులు, వెంట్రుకలు రాలడం ఫ్లీ కాటు అలర్జీ లక్షణాలు. అలర్జీ ఉన్న పిల్లికి కొద్ది కాట్లు చాలు. పిల్లి కూనల్లో ఫ్లీలు ఎక్కువైతే చిగుళ్లు పాలిపోయి, రక్తహీనతతో చనిపోతాయి. ఒళ్లు నాకేటప్పుడు ఫ్లీని మింగితే బద్దెపురుగు కూడా సోకుతుంది. మలద్వారం వద్ద బియ్యపు గింజల వంటి ముక్కలు కనబడితే అదే.

ఫ్లీలు కాని ఇతర చర్మ సమస్యలు

• గజ్జి: చెవుల అంచుల వద్ద మొదలై ముఖం, మెడకు పాకుతుంది. చర్మం మందంగా, బూడిద రంగు పొక్కులతో ముడతలు పడుతుంది. దురద తీవ్రంగా ఉంటుంది. పిల్లిని ఎత్తుకున్నవారికి కూడా కొద్ది రోజులు దురద రావచ్చు.
• తామర: గుండ్రంగా వెంట్రుకలు ఊడి పొలుసులు కడతాయి. దురద ఉండకపోవచ్చు. ఇది పురుగు కాదు, శిలీంధ్రం. పిల్లలకు, పెద్దలకు సోకుతుంది. ఫ్లీ మందుతో తగ్గదు.
• చెవి పురుగులు: చెవిలో కాఫీ పొడి లాంటి నల్లని గుబిలి, తరచూ తల విదిలించడం.
• కొట్లాట గాయాలు: పిల్లి గోరు, పన్ను గాయాలు పైకి మానినట్లు కనబడినా లోపల చీము పడుతుంది. వాపు, జ్వరం ఉంటాయి.

పిల్లికి ఎందుకు ప్రమాదం?

పశువుల గోమార్ల మందుల్లో, కొన్ని కుక్కల మందుల్లో పెర్మెత్రిన్, డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్, అమిట్రాజ్ వంటివి ఉంటాయి. పెర్మెత్రిన్ రకం మందులను విడగొట్టే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. పైగా పిల్లి ఒళ్లంతా నాక్కుంటుంది కాబట్టి పూసిన మందు కడుపులోకి పోతుంది. అమిట్రాజ్ కూడా పిల్లికి పనికిరాదు.

వరి పొలంలో వాడే ఫిప్రోనిల్ కూడా పూయకూడదు. పేరు ఒకటే అయినా పిల్లుల కోసం తయారైన మందు వేరు. పశువులకు వేసే 1 శాతం ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ కూడా సొంతంగా వేయకండి. గజ్జికి పశువైద్యులు సాధారణంగా కిలో బరువుకు 0.2 మి.గ్రా. లెక్కన ఇస్తారు. అంటే 3 కిలోల పిల్లికి 0.06 మి.లీ. మాత్రమే. అంత తక్కువ కొలతలో చిన్న పొరపాటు జరిగినా మోతాదు మించిపోతుంది. కిరోసిన్, ఫినాయిల్, కర్పూరం, వేపనూనె పూయకండి. పారాసిటమాల్ మాత్ర కొద్దిగా ఇచ్చినా పిల్లి చనిపోవచ్చు.

పొరపాటున పూస్తే

చొంగ కారడం, తూలడం, చెవులు, ఒళ్లు అదరడం, ఫిట్స్ విష లక్షణాలు. ఇవి కొన్ని గంటల్లోనే మొదలవుతాయి. లక్షణాలు కనిపించే దాకా ఆగకండి. గోరువెచ్చని నీళ్లతో, గిన్నెలు తోమే ద్రవ సబ్బుతో వెంటనే కడగాలి. ఫిట్స్ వస్తుంటే కడగడం కోసం ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. కడిగాక పొడి గుడ్డతో తుడిచి వెచ్చగా ఉంచాలి. పాలు, నూనె తాగించకండి, వాంతి చేయించకండి. మందు డబ్బాను వెంట తీసుకెళితే వైద్యుడికి చికిత్స సులువవుతుంది.

సరైన చికిత్స

• పిల్లుల కోసం అని లేబుల్‌పై రాసి ఉన్న ఫిప్రోనిల్, సెలామెక్టిన్, ఇమిడాక్లోప్రిడ్ చుక్కల మందులను బరువు, వయసు చూసి వాడాలి. నాలుక అందని మెడ వెనుక, వెంట్రుకలు పాయ తీసి చర్మంపై వేయాలి.
• కుక్క మందును సగం చేసి వాడకండి.
• 8 వారాల లోపు కూనలకు మందు వేయకుండా, రోజూ సన్నపళ్ల దువ్వెనతో దువ్వి, పడిన ఫ్లీలను సబ్బు నీళ్లలో వేయాలి.
• గజ్జి, తామర, చీము ఉంటే పశువైద్యుడు పరీక్షించాకే మందు వాడాలి. తామరకు వారాల తరబడి చికిత్స అవసరం.

ఇంటిని శుభ్రం చేయకపోతే ఫలితం ఉండదు

పిల్లిపై కనబడేవి పెద్ద ఫ్లీలు మాత్రమే. అవి రోజుకు పదుల సంఖ్యలో పెట్టే గుడ్లు పిల్లి పడుకున్న చోట రాలుతాయి. పిల్ల పురుగులు నేల పగుళ్లు, గోనె సంచులు, పరుపు కింద చీకట్లో పెరుగుతాయి. అనుకూల వాతావరణంలో 3 వారాల్లో కొత్త తరం వస్తుంది. గూళ్లలోని ప్యూపాలు నెలల తరబడి బతుకుతాయి. మందు వేసిన తర్వాత కూడా మళ్లీ ఫ్లీలు కనబడటానికి కారణం ఇదే.

• పిల్లి పడుకునే గుడ్డలు, గోనెలను వారానికోసారి వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరబెట్టాలి.
• మూలలు, పగుళ్లు, మంచం కింద రోజూ ఊడ్చి, ఆ చెత్తను కాల్చాలి లేదా మూతబెట్టి పారేయాలి.
• ఇంట్లోని పిల్లులు, కుక్కలన్నిటికీ ఒకేసారి, ఎవరి మందు వాటికి వేయాలి. మేక పిల్లలపై కూడా ఫ్లీలు చేరతాయి కాబట్టి వాటి పాకనూ చూడాలి.
• లేబుల్ ప్రకారం మందును కనీసం 3 నెలలు కొనసాగించాలి.

మందు ఎంపికలో సందేహం ఉంటే మండలంలోని ప్రభుత్వ పశువైద్యశాలను గానీ, వరంగల్ పరిసరాల రైతులు మామునూరులోని పశువైద్య కళాశాలను గానీ సంప్రదించవచ్చు. అల్మారాలో ఉన్న మందు ఏదైనా, లేబుల్‌పై పిల్లి పేరు లేకపోతే పిల్లికి వాడకండి.