తలుపు సందులోంచి ఆకాశం

1980 ఫిబ్రవరి 16న సూర్యగ్రహణం. ఆ మధ్యాహ్నం హైదరాబాదులో మా ఇంటి కిటికీలన్నీ మూసేశారు. మా నాయనమ్మ ఊరగాయ జాడీల మీదా, మంచినీళ్ళ బిందె మీదా దర్భపోచలు వేసింది. తమ్ముడు ఎలాగో మేడ మీదికి ఉడాయించాడు. నన్ను మాత్రం, "ఆడపిల్లవి, నీకెందుకే ఆ గొడవ?" అని చాప మీద కూచోబెట్టింది. తలుపు సందులోంచి పడే ఎండ పలచబడటం ఒక్కటే నేను చూసిన గ్రహణం.

ఇబ్రహీంపట్నం అవతల రంగాపూర్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి 48 అంగుళాల దుర్భిణి ఉందనీ, ఆ సంపూర్ణ గ్రహణం చూడటానికి శాస్త్రవేత్తలు అక్కడికి తరలివచ్చారనీ తర్వాత తెలిసి ఏడుపొచ్చింది నాకు.

మూసిన తలుపులు మన ఇళ్ళలోనే అనుకునేదాన్ని. కాదని వేరా రూబిన్ కథ చదివాకే తెలిసింది. ఈవిడ అమెరికాలో 1928లో పుట్టింది. చంటిపిల్లల తల్లిగా రాత్రి క్లాసులకి వెళ్ళి 1954లో డాక్టరేటు తెచ్చుకుంది. ఆవిడకి కారు నడపడం రాదు. భర్తే దిగబెట్టి, క్లాసు అయ్యేదాకా బయట కారులో కూచునేవాడట!

అంత చదివినా పాలోమార్ కొండ మీది పెద్ద దుర్భిణి దగ్గరికి ఆడవాళ్ళని రానిచ్చేవారు కారు. కారణం ఏమిటంటారా? అక్కడ ఆడవాళ్ళకి వేరే స్నానాలగది లేదట! 1965లో ఎట్టకేలకు ఆవిడకి అనుమతి వచ్చింది. వెళ్ళి, ఆ గది తలుపు మీది మగబొమ్మకి కాగితంతో లంగా కత్తిరించి అంటించిందని చెబుతారు. అంతటితో సమస్య తీరిపోయింది.

తర్వాత ఆవిడా, కెంట్ ఫోర్డ్ అనే సహచరుడూ ఆండ్రోమెడా నక్షత్రమండలాన్ని పరీక్షించి 1970లో ఫలితాలు ప్రకటించారు. అంచున ఉన్న చుక్కలు నెమ్మదిగా తిరగాలి కదా? లోపలి వాటంత వేగంగానూ తిరుగుతున్నాయి! కంటికి కనబడని పదార్థమేదో వాటిని పట్టి ఉంచుతోందన్నమాట. అదేమిటో ఇప్పటికీ తేలలేదు.

ఆవిడ 2016లో పోయింది. ఇప్పుడు చిలీ దేశంలో, సెర్రో పచోన్ కొండ మీద, ఆవిడ పేరుతోనే ఒక వేధశాల వెలిసింది. దాని అద్దం వెడల్పు 8.4 మీటర్లు, అంటే మన రంగాపూర్ దుర్భిణికి దాదాపు ఏడింతలు. కెమెరాయే కారంత ఉంటుంది. 2025 జూన్‌లో మొదటి ఫోటోలు విడుదల చేశారు. కొద్ది రాత్రులకొకసారి దక్షిణాకాశాన్నంతా ఫోటో తీస్తూ పదేళ్ళు పనిచెయ్యాలని సంకల్పం. ఆ కనబడని పదార్థం జాడ వెతకడం దాని పనుల్లో ఒకటి. రానివ్వని చోటు ఒకటైతే, పేరు పెట్టుకున్న చోటు మరొకటి!

ఆ ఫోటో చూపిస్తే మా మనవరాలు, "అమ్మమ్మా, గ్రహణం నువ్వు నిజంగా చూశావా?" అంది. ఏం చెప్పను? 2034 మార్చి 20న కాశ్మీరు వైపు సంపూర్ణ గ్రహణం కనిపిస్తుంది. అప్పటికి నాకు డెబ్బై దగ్గరపడతాయి. ఓపిక ఉంటే దాన్ని వెంటబెట్టుకుని వెళ్తాను, కళ్ళకి గ్రహణం అద్దాలు పెట్టుకునే సుమా! బయల్దేరే ముందు ఊరగాయ జాడీల మీద దర్భలు కూడా వేస్తాను, నాయనమ్మ మాట తీసెయ్యడమెందుకు? తలుపు మాత్రం మూయను.